గాజు తలుపు మీద ముఖాలు

గ్లెనిస్ పారీకి ఉద్యోగం వచ్చింది ఇంగ్లిష్ బాగా నేర్పుతుందని కాదు, మెట్లెక్కగలదని.

ఆమెది వేల్స్‌లోని రెక్సమ్. ముప్పై ఏళ్లు ఒక పేట లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకుంటూ గడిపింది. ఆ లైబ్రరీ మూతపడ్డాక, అరవై ఒకటో ఏట, ఇంగ్లిష్ నేర్పే సర్టిఫికెట్ కోర్సులో చేరింది. తోటి విద్యార్థులంతా ఒకప్పుడు ఆమె దగ్గర బొమ్మల పుస్తకాలు తీసుకెళ్లిన వయసువాళ్లు. కోర్సు పాసై, రెండేళ్లపాటు స్పెయిన్‌కి, ఇటలీకి, పోలండ్‌కి దరఖాస్తులు పెట్టింది. 'మీ అనుభవాన్ని ఎంతో గౌరవిస్తున్నాం' అని రాసేవాళ్లు. గౌరవించి ఊరుకునేవాళ్లు. ఫోటో పంపకముందు ఉత్సాహంగా మాట్లాడినవాళ్లు ఫోటో చూశాక ఫోనెత్తడం మానేశారు. పెళ్లిచూపులవాళ్లు కూడా ఇంతకంటే మర్యాదగా తప్పుకుంటారు. అద్దె ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. చెల్లెలు తన ఇంట్లో ఒక గది ఇస్తానంది. ఆ గదిలో అప్పటికే ఒక పాత సైకిలూ, బట్టలారేసే తీగా కాపురముంటున్నాయి.

అప్పుడు మా సెవ్లియెవో నుంచి క్రాసిమిర్ వ్లాయ్‌కోవ్ కంప్యూటర్ తెర మీద కనిపించాడు. బల్గేరియాలో బాల్కన్ కొండల కింద మాదొక చిన్న ఊరు. అందులో అతనిదొక చిన్న భాషల బడి.

"మేడం, బడి మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. రోజుకి రెండుసార్లు ఎక్కగలరా?"

"ఎక్కగలను."

"అయితే సెప్టెంబరు పదిహేనుకి వచ్చెయ్యండి. ముందు ఒక్క ఏడాదికి. జూన్‌లో మళ్లీ పేర్లు రాయించుకునేవాళ్లుంటే రెండో ఏడు. లేకపోతే మీ దారి మీది."

ఆ ఉద్యోగం ఎందుకు ఖాళీ అయిందో ఆమె అడగలేదు. అతనూ చెప్పలేదు.

వచ్చాక తెలిసింది. అంతకుముందు టీచరు రాద్కా దోన్చెవా జూన్‌లో చనిపోయింది. గ్లెనిస్‌కి ఇచ్చిన ఇల్లు రాద్కాదే. పాత అయిదంతస్తుల భవనంలో రెండో అంతస్తు. రాద్కా అక్క యోర్దాంకా, అందరూ దాంకక్క అనే డెబ్బై రెండేళ్ల మనిషి, కింది వాటాలో ఉంటుంది. తాళంచెవి చేతిలో పెడుతూ ఆమె గ్లెనిస్‌ని ఎగాదిగా చూసి, "ఈమె మా రాద్కా కంటే పెద్దది" అంది క్రాసిమిర్‌తో. ఆ మాట అతను అనువదించలేదు.

ఊళ్లో అవి ఎన్నికల రోజులు. ఏ స్తంభం చూసినా నవ్వు ముఖాలే. ఆ భవనం వీధి గుమ్మం గాజు తలుపు మీద కూడా ఏడెనిమిది ఉన్నాయి. పెద్ద అక్షరాలతో పేర్లు, ఫోటోలు, చుట్టూ నల్ల అంచు. నల్లది ఏదో పార్టీ రంగనుకుంది గ్లెనిస్. వాటిలో ఒక కొత్త రంగుల ఫోటోలో ఎవరో స్త్రీ నోరారా నవ్వుతోంది. గెలిస్తే ఈమే గెలవాలి అని కూడా అనుకుంది. మొదటి శనివారం పొద్దున్నే, కొత్తగా చేరిన ఇంట్లో మంచి పేరు తెచ్చుకుందామని, ఒక గిన్నెడు వేడి నీళ్లలో వెనిగర్ పోసుకుని, కూరల కత్తితో ఆ కాగితాలన్నీ గీకేసి, అద్దం తళతళలాడేలా తుడిచింది.

సోమవారం క్లాసులో పన్నెండు మంది. ఎక్కువమంది ఇంగ్లండ్ వెళ్లి ముసలివాళ్లకు సేవ చేసే పనిలో చేరాలనుకునే నర్సులు. ఆ రోజు ఎవరి ముఖంలోనూ కళ లేదు. ఇవెలీనా అనే ఆమె కళ్లు వాచి ఉన్నాయి.

"ఏమైంది?" అని అడిగింది గ్లెనిస్.

"మా రాద్కా టీచర్ మూడు నెలల కాగితం, టీచర్. మొన్న గురువారమే దాంకక్క అతికించింది. ఎవరో పాపాత్ములు గీకేశారు. దానితోపాటు మిగతా చనిపోయినవాళ్లవి కూడా."

"కాగితం అంటే?"

"మనిషి పోతే ఫోటోతో అతికిస్తాం కదా. నలభై రోజులకి, మూణ్ణెల్లకి, ఆర్నెల్లకి, ఏడాదికి. అవి ఎవరూ చింపకూడదు టీచర్. వానకి నాని, గాలికి పోవాలి. అప్పటిదాకా ఆ మనిషి ఊళ్లో ఉన్నట్టే."

తను గీకినవి అవేనని గ్లెనిస్‌కి అర్థమైంది. చెప్పేయాలి అనుకుంది. కానీ నోట్లోంచి వచ్చిన మాట వేరు. "ఎవరు చేసుంటారు?"

"ఇంకెవరు? నాలుగో అంతస్తు త్సాంకో. తాగుబోతు. రేడియో మోత తగ్గించమని మా టీచర్ ఎప్పుడూ గొడవపడేది."

ఆ సాయంత్రమే దాంకక్క మెట్ల మీద త్సాంకోని నిలబెట్టి కడిగేసింది. ఒకప్పుడు యూరప్ అంతా లారీ తోలిన మనిషి అతను. పొడుగ్గా, వంగిపోయి ఉంటాడు. "నేను కాదు దాంకా" అన్నాడు రెండుసార్లు. మూడోసారి అనకుండా పైకి వెళ్లిపోయాడు. గ్లెనిస్ తన తలుపు వెనక నిలబడి అంతా విన్నది. భాష తెలియకపోయినా అర్థమైంది.

అక్టోబరులో ఒకరోజు ఆమె బజారు నుంచి సంచి మోసుకొస్తుంటే త్సాంకో ఎదురై, ఆ సంచి అందుకున్నాడు. లారీ రోజుల్లో నేర్చుకున్న ఇంగ్లిష్ అతనిది.

"టీచరమ్మా, పాత జిగురుకి వెనిగరే మందు, కదూ?"

ఆమె మెట్టు మీదే ఆగిపోయింది.

"నా బాల్కనీ సరిగ్గా ఆ వీధి తలుపుకి పైనే ఉంటుంది. ఆ పొద్దున సిగరెట్ కాల్చుకుంటున్నా."

"నాకు తెలీదు... అవి చనిపోయినవాళ్లవని తెలీదు. ఇప్పుడే దాంకక్కకి చెప్తాను."

"చెప్పండి. సాయంత్రానికల్లా ఇల్లు ఖాళీ చెయ్యమంటుంది. క్రాసిమిర్ ఆమె గీసిన గీత దాటడు. మీకు ఇంకెక్కడైనా ఉద్యోగం ఉందా?"

"లేదు."

"మరి ఊరుకోండి. నన్ను ముప్పై ఏళ్లుగా తిడుతూనే ఉన్నారు. ఇంకొకటి ఎక్కువైతే నాకేం బరువు? మీ ఉల్లికాడలే బరువుగా ఉన్నాయి. బడి మొత్తానికి వండుతున్నారా ఏంటి?"

గ్లెనిస్ నవ్వేసింది. అప్పుడు ఆమెకి కలిగింది సిగ్గు కాదు, ఊరట. తర్వాత ఆమెను పట్టి పీడించింది కూడా ఆ ఊరటే.

ఊరుకుంది. ఆ వారం కాకపోతే పై వారం చెబుదాం, క్లాసువాళ్లు కాస్త అలవాటుపడ్డాక చెబుదాం, భాష కొంచెం వచ్చాక చెబుదాం అని వాయిదాలు వేసింది. త్సాంకో కనబడితే సంచి అందుకునేవాడు. దాంకక్క ఎదురైతే గోడవైపు తిరిగి దారి ఇచ్చేవాడు. ఆమె అతణ్ణి గాలిని చూసినట్టు చూసి వెళ్లిపోయేది.

క్లాసులో మరో బాధ. ఆ పన్నెండు మందీ మాట్లాడే ఇంగ్లిష్ రాద్కాది. ఎక్కడ సాగదియ్యాలో, ఎక్కడ ఊపిరి తియ్యాలో అందరికీ ఒకటే తీరు. రాద్కాకి చిన్నప్పటి నుంచి కొంచెం నత్తి ఉండేదట. మాట మొదలుపెట్టే ముందు బల్ల మీద వేలితో రెండుసార్లు తట్టుకునేది. అది చూసి నేర్చుకున్న ఈ పెద్దవాళ్లు కూడా ప్రతి జవాబుకీ ముందు రెండుసార్లు తట్టేవాళ్లు. గ్లెనిస్ ఒక ప్రశ్న అడగడం, బల్ల మీద టక్ టక్‌మనడం, ఎన్నడూ చూడని ఒక మనిషి పన్నెండు నోళ్లతో జవాబు చెప్పడం. ఇంటికొస్తే గది వెచ్చబెట్టే వేడినీళ్ల గొట్టం కూడా అలాగే రెండుసార్లు కొట్టుకునేది. గొట్టమేనని తెలిసినా ఆమె చేతిలో గరిట ఆగిపోయేది.

డిసెంబరులో రాద్కా ఆర్నెల్ల కాగితం పడింది. అదే నవ్వు. పొద్దున పోతూ ఒకసారి, సాయంత్రం వస్తూ ఒకసారి ఆ నవ్వు పక్కనుంచే నడవాలి. జనవరిలో ఒకరోజు పాఠం మొదలుపెడుతూ గ్లెనిస్ నల్లబల్ల మీద వేలితో రెండుసార్లు తట్టింది. తట్టాక గానీ తెలియలేదు. ఇవెలీనా లేచి వచ్చి ఆమెను కావలించుకుంది. ఆ రోజు నుంచి వాళ్లు ఆమెను ప్రేమించడం మొదలుపెట్టారు. ఆ ప్రేమ ఆమెకు ముళ్లలా గుచ్చుకుంది.

ఫిబ్రవరిలో త్సాంకో చనిపోయాడు. ఊపిరితిత్తుల జబ్బు, ఆసుపత్రిలో నాలుగు రోజులు. గుర్తింపు కార్డు ఫోటో పెట్టి భవనం బాగోగులు చూసే పెద్దాయన ఒక కాగితం అంటించాడు. దుఃఖిస్తున్నవారి పేర్లు ఉండాల్సిన చోట 'ఇరుగుపొరుగు' అని ఉంది. అంతిమయాత్రకి అయిదుగురు వెళ్లారు. దాంకక్క వెళ్లలేదు. గ్లెనిస్ కూడా వెళ్లలేదు. క్లాసు ఉందని తనకు తాను చెప్పుకుంది. ఆ క్లాసు మర్నాటికి జరపమంటే కాదనేవాళ్లెవరూ లేరు. మంచుకి ఆ కాగితం రెండు వారాల్లో నానిపోయి జారిపోయింది. నలభై రోజులకి ఎవరూ కొత్తది వెయ్యలేదు.

అప్పటి నుంచి గ్లెనిస్ సంచితో మెట్లెక్కుతూ మొదటి మలుపు దగ్గర ఆగిపోయేది. చెయ్యి మార్చుకోవడానికి అనుకునేది. ఎవరో వచ్చి అందుకుంటారని శరీరం ఎదురుచూస్తోందని ఆమెకి తెలుసు. రాద్కా తలుపు మీద నవ్వుతూ ఉంది కాబట్టి ఆమెను తప్పించుకుని పోవచ్చు. త్సాంకోకి తలుపు మీద చోటు లేదు. అందుకని అన్నిచోట్లా ఉండేవాడు.

జూన్‌లో రాద్కా ఏడాది. పోయినవాళ్ల పేరున పంచడానికి దాంకక్క గోధుమలు ఉడికించి, పంచదార, వాల్‌నట్ పలుకులు కలిపి, చిన్న చిన్న గిన్నెల్లో సర్దింది. మోకాళ్లు పట్టేశాయని, కాగితం అతికించడానికి గ్లెనిస్‌ని సాయం పిలిచింది. అప్పటికి గ్లెనిస్‌కి ఇంటి మాటల మేరకు ఆ భాష వచ్చింది.

"క్రాసిమిర్ అడిగాడు, నిన్ను ఉంచాలా వద్దా అని" అంది దాంకక్క. "ఉంచమన్నాను. పన్నెండు మందీ పేర్లు రాయించారు. ఇంకో ఇద్దరు కొత్తవాళ్లు కూడా. ఇక నీకు బెంగ లేదు."

గ్లెనిస్ జిగురు కుంచె పట్టుకుని నిలబడింది. రెండేళ్లు ఎదురుచూసిన మాట అది. దాంకక్క కాగితాన్ని అరచేత్తో నాలుగు మూలలా అదిమి, వెనక్కి జరిగి చూసుకుంది.

"ఇక దీన్ని గీకేవాడు లేడు. వాడి సంగతి దేవుడే చూసుకున్నాడు."

గ్లెనిస్ కుంచె కింద పెట్టింది. "దాంకక్కా, గీకింది నేను."

"ఏంటి?"

"నేనే. ఎన్నికల కాగితాలనుకున్నాను. సోమవారం తెలిసింది. భయపడి చెప్పలేదు. త్సాంకో చూశాడు. నేను చేశానని తెలిసి కూడా మీతో అనలేదు."

దాంకక్క మెట్టు మీద కూర్చుండిపోయింది. పైనుంచి ఎవరో దిగి వస్తే పక్కకి జరిగింది కూడా లేదు, వాళ్లే ఒదిగి పోయారు.

"మా రాద్కాకి సైకిలు నేర్పింది వాడే" అంది చివరికి. "ఒకే వీధి పిల్లలం. అయిదు నెలలు వాడి ముఖం చూడలేదు నేను. గుప్పెడు మట్టి కూడా వెయ్యలేదు."

"సామాను సర్దుకుంటాను. రేపటికల్లా ఖాళీ చేస్తాను."

"చేసి?" దాంకక్క తలెత్తింది. "నువ్వు పోతే నీకు హాయి. ఆ దేశంలో నిన్నెవరూ అడగరు. నాలుగు రోజులకి నువ్వే మరిచిపోతావు. పోవడానికి వీల్లేదు."

"మరి?"

"ఆగస్టులో వాడికి ఆర్నెల్లు. కాగితం నువ్వు వేయిస్తావు. నువ్వే అతికిస్తావు. ఏడాదికి, రెండేళ్లకి, మూడేళ్లకి, కాలూ చెయ్యీ ఆడినన్నాళ్లు నువ్వే. కింద నీ పేరు ఉండాలి. ఇరుగుపొరుగు కాదు, నీ పేరు."

"ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?"

"నోరుంది కదా. దాచడానికి పనికొచ్చిన నోరు చెప్పడానికి పనికిరాదా?"

"మీ పేరు కూడా వేయించనా?"

"నా పేరు ఎత్తకు. నా సంగతి నేను వాడి సమాధి దగ్గరే తేల్చుకుంటాను." గోడ పట్టుకుని లేచి, ఒక గిన్నె గోధుమలు తీసి ఆమె చేతిలో పెట్టింది. పెట్టేటప్పుడు ముఖం చూడలేదు.

చివరి క్లాసులో గ్లెనిస్ అందరికీ చెప్పింది. ఇద్దరు పేర్లు తీసేసుకున్నారు. ఇవెలీనా తీసుకోలేదు గానీ ఆ తర్వాత ఆమెను కావలించుకోలేదు కూడా. పన్నెండు మంది మిగిలారు కాబట్టి ఉద్యోగం నిలబడింది.

ఆగస్టులో ఆమె అచ్చు దుకాణానికి వెళ్లింది. దాంకక్క రాద్కా ఆల్బమ్ నుంచి ఒక ఫోటో ఇచ్చి పంపింది. పాతికేళ్ల త్సాంకో, లారీకి ఆనుకుని, చొక్కా చేతులు మడిచి. కాగితం తలుపుకి అతికిస్తే, కింద ఆ ఊరి అక్షరాల్లో గ్లెనిస్ పారీ అని ఒకే ఒక్క పేరు. ఆ ఊళ్లో ఆమె పేరు అచ్చులో కనిపించడం అదే మొదలు.

మర్నాడు బజారులో మిరపకాయలమ్మే ఆమె తూకం ఆపి, చేతులు తుడుచుకుని ముందుకు వచ్చింది. ఏడాదిగా గ్లెనిస్ దగ్గర డబ్బు తీసుకోవడమే గానీ పలకరించిన మనిషి కాదు. రెండు చేతులూ పట్టుకుని, "దేవుడు మీకు ఓర్పునివ్వాలి" అంది. "కాగితం చూశాను. త్సాంకో మీకేమవుతాడమ్మా?"

ఆ వెచ్చటి చేతుల్లో చేతులుంచుకుని, కొంతసేపు ఏమీ చెప్పకుండా నిలబడాలనిపించింది గ్లెనిస్‌కి. ఈ ఊరు ఆమెను తనదానిలా చూడటం అదే మొదటిసారి.

"ఏమీ కాడు" అంది. "నేను చేసిన తప్పుకి తను మాటలు పడ్డాడు. నేను చూస్తూ ఊరుకున్నాను."

మిరపకాయలామె చేతులు మెల్లగా వదిలేసింది. పక్క కొట్టువాళ్లు విన్నారు, వినిపించనివాళ్లు మళ్లీ అడిగారు. ఆ ఒక్క రోజే ఆ మాట ఆమె పదకొండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అతను బతికుండగా ఒక్కసారి చెబితే సరిపోయేది.