గొట్టంలో పాలపిట్ట

మొన్న దసరాకు ఇల్లు దులుపుతుంటే అటక మీది డబ్బాలో ఒక పీవీసీ పైపు ముక్క దొరికింది. లోపల నల్ల కాగితం అంటించి, ఒక చివర ప్లాస్టిక్ మూత కోసి బిగించిన ఆ ముక్కను ఎవరైనా చూస్తే నల్లా పనివాళ్లు మరిచిపోయారనుకుంటారు. నాకు మాత్రం పాలిటెక్నిక్ రోజుల్లోని ఒక దసరా సాయంత్రం కళ్ల ముందు నిలిచింది.

ఫోనులో చందమామ మీది గుంటలు కూడా కనబడే ఈ కాలంలో చెబితే నవ్వొస్తుంది గానీ, అప్పట్లో దూరపు పిట్టను ఫొటో తీయడానికి నేను ఒక పాత టెలిస్కోపు సంపాదించి, కన్ను పెట్టే చివరకు అక్క చిన్న కెమెరాను ఈ పైపుతో తగిలించాను. మొదట వచ్చినవన్నీ నల్లటి వలయం మధ్య మసక చుక్కలే. కెమెరా జూమ్ కాస్త జరిపితే వలయం పోయింది. వేలి అదురు తగలకుండా టైమర్ పెట్టాను. గాలికి స్టాండు ఊగుతుంటే, కింద పసుపు కమీషన్ దుకాణం నడిపే మా బాపు దగ్గర చిన్న పసుపు సంచి అడిగి తెచ్చి బరువుకని దానికి వేలాడదీశాను. ఆనాడు మేడ మీది వెనుక వసారాలోంచి, చేల మీది కరెంటు తీగపై వాలిన పాలపిట్ట కంటి రెప్ప కూడా కనబడితే, అన్నం చల్లారినా లేవలేదు.

ఆ ఏడే నాయనమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. దసరా నాడు పాలపిట్టను చూడనిదే ఆమెకు పండుగ కాదు. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఒక్క ఏడూ తప్పలేదు. ఆ ఏడు మెట్లు దిగే వీల్లేదు కనుక, రోజూ తీగ మీద వాలే పిట్టను వసారాలోనే చూపిస్తానని మాటిచ్చాను. తీరా పండుగ పొద్దున, దాన్ని చూడటానికే చేలల్లోకి వచ్చిన జనం సందడికి అది ఎగిరిపోయింది. పొద్దుగూకితే చూసినా లెక్కలోకి రాదు. ముందురోజు తీసిన ఫొటో చూపించబోతే నాయనమ్మ మొహం తిప్పుకుంది.

"నిన్నటి పిట్టకు దసర ఎర్కనేనా, కొడుకా?"

బాపు జమ్మి ఆకుకు బయలుదేరే వేళకు, చేల అవతల ఎండు తుమ్మ కొమ్మ చివర ఒక చుక్క కనబడింది. గొట్టం అటు తిప్పి సరిచేస్తే అదే. శుక్లాలు తీయించుకున్న కంటిని గొట్టానికి ఆనించడం నాయనమ్మకు కుదరలేదు. బాపు, నేను ఆమెను కుర్చీతో సహా జరిపి కెమెరా తెర ముందుకు తెచ్చాం.

"గిది గూడ నిన్నటి బొమ్మనేనా?" అంది అనుమానంగా.

అంతలో పిట్ట తల తిప్పి, రెక్క విప్పి ఒళ్లు విరుచుకుంది. తెర నిండా నీలం. నాయనమ్మ కెమెరాకే దండం పెట్టింది.

"టీవీల సూసినట్టు సూస్తె లెక్కకు రాదే అమ్మా," అన్నాడు బాపు.

"నువ్వు కండ్లద్దాలు పెట్టుకొని సూస్తె వస్తదా మరి? గదీ అద్దమే, గిదీ అద్దమే."

బాపు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ మెట్లు దిగాడు.

మోకాలు కుదిరాక కొన్నేళ్లు నాయనమ్మ నడిచే వెళ్లింది, గొట్టం అటకెక్కింది. ఇప్పుడు ఆ చేలల్లో ప్లాట్ల రాళ్లు లేచాయి, తుమ్మ లేదు, పిట్ట మా ఫోన్లకు అందనంత దూరం జరిగింది. పండుగ తెల్లారకముందే ఎవరో ఎక్కడో ఎప్పుడో తీసిన పాలపిట్టలు అందరి ఫోన్లలో వాలుతుంటే, మంచం దిగకుండానే చూసి దండం పెట్టేస్తున్నాం. మళ్లీ మెట్లు దిగలేని నాయనమ్మ మాత్రం వాటి వంక చూడదు. నేను పైపు ముక్క తుడిచి, పాత టెలిస్కోపుతో పాటు వసారాలోకి తెస్తే, అదేమిటని కూడా అడగలేదు.

"సంచి కట్టినవా?" అంది.