కృష్ణయ్య గారి వాయిదాలు

పంచాయితీ అంటే చాలు, కృష్ణయ్య గారు తింటున్న అన్నం వదిలేసి వస్తారు. తీర్పు మాత్రం చచ్చినా చెప్పరు. వాయిదా వేస్తారు. ఇద్దరు అన్నదమ్ముల గట్టు తగాదా ఒకటి ఆయన చేతిలో పడితే, పదకొండో వాయిదా నాటికి వాళ్ళు విసిగిపోయి, తమలో తామే రాజీపడి, ఇద్దరూ కలిసొచ్చి ఈయన్ని తిట్టిపోయారు.

అలాంటి మనిషి మిరపచేను మాచర్ల దగ్గర పైలట్ శిక్షణ స్కూలు రన్‌వే చివరే ఉండటం, అక్కడ ఇన్‌స్ట్రక్టరుగా ఉన్న గోపీచంద్ చేసుకున్న ఖర్మ.

ఒక మంగళవారం, అక్కడ నేర్చుకుంటున్న ఈపూరు పిల్ల ధరణి ఒంటరిగా విమానం దించుతూ పక్కగాలికి కంగారుపడింది. చక్రాలు నేలకు తగిలి ఎగిరాయి, మళ్ళీ తగిలి ఎగిరాయి. మూడోసారికి ముందు చక్రం విరిగి, విమానం కంచె తెంచుకుని పోయి మిరపచేలో ముక్కు పెట్టి కూర్చుంది. దేవుడి దయ, పిల్లకు గీత కూడా పడలేదు. కానీ దిగొచ్చి, "నావల్ల కాదు సార్. ఇంటికి పోతా. ఇంక జన్మలో ఎక్కను" అంది. ఎంతమంది చెప్పినా అదే మాట. గోపీచంద్ ప్రాణం ఉసూరుమంది. అతని దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఇంత చెయ్యి కుదిరిన పిల్ల లేదు.

విచారణకు వచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకుని, విమానం తెచ్చుకోవచ్చనీ, పిల్ల ఇన్‌స్ట్రక్టరుతో కలిసి మళ్ళీ ఎగరొచ్చనీ చెప్పి పోయారు. అయితే క్రేన్ రావాలంటే కృష్ణయ్య గారి చేలోంచే రావాలి. ఆయన తువ్వాలు దులిపి గట్టు మీద కూర్చున్నారు.

"పంచాయితీ తేలందే కదిలిచ్చేది లేదు. చేలో దిగిన పిల్ల కూడా ఉండాల."

"సరే, ఇప్పుడే తేల్చండి!" అన్నాడు గోపీచంద్.

"రెండో పెద్దమనిషి జాన్ సాహెబ్ రాలా. శుక్రవారానికి వాయిదా."

శుక్రవారం జాన్ సాహెబ్ వచ్చాడు. "ఇయ్యాల అమావాస్య. సోమవారం చూద్దాం" అన్నారు కృష్ణయ్య గారు. సోమవారం, "ఎండ చానా ఉంది, బుర్ర పనిచెయ్యట్లా. గురువారం" అన్నారు.

"ఏంది కృష్ణయ్య గారూ ఇది! మాకున్నవే మూడు విమానాలు. ఒకటి మీ మిరపచెట్లకు కాపలా కాస్తోంది!"

"ఉండనీ సారూ. పిట్టలు రావట్లా."

గోపీచంద్ పళ్ళు పటపటా కొరికాడు. సూట్‌కేసు సర్దుకుని హాస్టల్లో గోళ్ళు గిల్లుకుంటున్న ధరణి మీదికి మళ్ళింది ఆ కోపమంతా. "ఊరికే కూర్చుని ఏం చేస్తావ్? వచ్చి విమానంలో నా పక్కన కూర్చో. ఏదీ ముట్టుకోకు!"

మొదటిరోజు ముట్టుకోలేదు. మర్నాడు చెయ్యి దానంతటదే కంట్రోలు మీదికి పోయింది. బుధవారం గోపీచంద్ చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తుంటే, అదే పక్కగాలిలో, నిద్రపోతున్న పసిపిల్లను పక్క మీద పడుకోబెట్టినట్టు దించింది.

కంచె అవతల నుంచి కృష్ణయ్య గారు తువ్వాలు ఊపారు. "సారూ, క్రేన్ తోలుకోండి!"

"పంచాయితీ రేపు గదా?"

"పిల్ల దిగింది గదా. ఇంకేం పంచాయితీ?"

గోపీచంద్ నోరు తెరిచాడు. "అంటే... ఇన్నాళ్ళూ దీనికోసమా?"

"కోపంలో ఉన్నోడికి తీర్పు చెప్పకూడదు, భయంలో ఉన్నోళ్ళని ఇంటికి పంపకూడదు. పోతే మళ్ళా వచ్చుద్దా ఆ పిల్ల?"

"ఆ ముక్క నాకు ముందే చెబితే మీ సొమ్మేం పోయింది!"

"చెబితే మీరు ఆ పిల్లని ఓదారుస్తా కూచుంటారు. విసుగెత్తిచ్చా కాబట్టే ఎక్కిచ్చారు."

ఈ మనిషిని తిట్టాలో దణ్ణం పెట్టాలో గోపీచంద్‌కు తెలియలేదు. ఇంతలో వెనకనుంచి ధరణి, "సార్, ఇంకొక్క రౌండ్ వేద్దామా?" అంది.

కృష్ణయ్య గారు చెయ్యెత్తారు. "ఎళ్ళమ్మాయ్, ఎళ్ళు. అట్టా అని మళ్ళా ఇటు రామాక. కాయ కోతకొచ్చింది."