లేచిన నాగలి కింద కేరియరు

నా చిన్నప్పుడు, ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని మా క్వార్టరు ముందుకు ఒక ముసలి ట్రాక్టరు వచ్చి కూలబడింది. తెల్లవాళ్లు పట్టాలు వేసేనాటికే దానికి పళ్లు ఊడిపోయి ఉంటాయని నా అనుమానం. తాల్‌బగీచా అవతల పొలమున్న బెంగాలీ రైతుది. వెనకున్న నాగలిని పైకెత్తే హైడ్రాలిక్ లిఫ్టు చెడింది. ఎత్తిన నాగలి నిలవకుండా కిందికి జారిపోతోంది. వానలు నెత్తి మీదికొచ్చాయి.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. రాత్రంతా డ్యూటీ చేసి, పగలంతా దాని పొట్ట విప్పి కూర్చునేవాడు. ఆయన ఒంటి నూనెతో మా వీధంతా దీపాలు పెట్టుకోవచ్చు. ఆయన్ని చూసి మేమూ నీరసించాం. మా పిల్లి సైతం ఆవులించకుండా మ్యావ్ అనలేకపోయేది.

చివరికొక మధ్యాహ్నం లిఫ్టు లోపలి రబ్బరు రింగు మార్చాడు. నాగలి లేచింది. ఇంజను ఆపినా నిలిచింది.

"హో గయా, మిస్త్రీ?" అని, పనైపోయిందా అన్నట్టు అడిగాడు రైతు.

"హో గయా" అంటూ నాన్న నాగలి కింద దూరబోయాడు. అడుగున ఏదో నట్టు వదులైందట.

"ఒరే, ముందు టీ తాగీసి దూరు" అన్నాడు అరుగు మీంచి మా తాతయ్య.

"ఒక్క నట్టే నాన్నా. బిగించీసి తొంగుంటాను."

"నట్టు ఎక్కడికి పారిపోద్దిరా? రా."

నాన్న విసుక్కుంటూ వచ్చి గ్లాసందుకున్నాడు. ఈలోగా తాతయ్య నాచేత నాన్న టిఫిన్ కేరియరు తెప్పించి, ఆయన తల పెట్టబోయిన చోటికి పొడుగాటి కర్రతో తోశాడు.

"నా కేరియర్ అక్కడెందుకు?"

"దానికీ కాస్త నీడ కావాల కదేటి."

టీ సగమైనా కాలేదు. నాగలి చప్పుడు లేకుండా దిగింది. కేరియరు మాత్రం చప్పుడు చేసింది, ఒక్కసారే. అప్పడమైపోయింది.

"పోయి తొంగోరా నాయనా" అన్నాడు తాతయ్య.

మర్నాడు కంటినిండా నిద్రపోయి లేచి నాన్న ఆ రింగు తీసి చూస్తే, అంచు తెగి ఉంది. నిద్రమత్తులో ఎక్కిస్తూ తనే తెంపుకున్నాడు. ఇంకొకటి వేశాడు. ఈసారి నాగలి కింద రైలు పట్టాల కింద వేసే పాత స్లీపరు చెక్కలు దొంతరగా పేర్చాకే దూరాడు.

ఇప్పటికీ ఒళ్లు హూనమైన పూట "ఇదొక్కటీ చేసేసి పడుకుంటాను" అన్న మాట నా నోట రాగానే, చేతిలో పని అక్కడే వదిలేసి లేచిపోతాను. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకమంటారు. అననీ. మా నాన్న నా పిల్లలకు సైకిలు నేర్పేదాకా బతికాడు.