పెద్దమ్మ కోసం నిలబెట్టిన సీసా

"సీసా నిలబెట్టినా పాపా. ఆదివారం రా" అని ఫోన్ చేసిన మనిషి శుక్రవారం పొద్దున్నే పోయాడు. మా పెదనాయన. ధర్మవరంలో నేను చీరల కొట్టు తెరుస్తుండగా మా నాయన ఫోన్ చేసి, "అన్న పోయినాడు పాపా" అని ఏడ్చాడు. నాకు ముందుగా ఆ సీసానే గుర్తొచ్చింది. మనిషి పోతే సీసా గుర్తుకు రావడమేంటని మీరనుకోవచ్చు. అనుకోండి. మొత్తం విన్నాక తిట్టాలనిపిస్తే అప్పుడు తిట్టండి.

మా పెదనాయన బెంగుళూరులో ఒక పెద్ద హోటల్లో వైన్ వడ్డించే పని చేసి, వయసైపోయాక గార్లదిన్నె పక్కన మా ఊరికి వచ్చేశాడు. ఆ హోటల్‌కి వచ్చినప్పుడల్లా ఈయనే వడ్డించాలని పట్టుబట్టే ముసలాయన ఒకరు, ఈయన పనిలో చివరి రోజున ఒక ఎర్ర వైన్ సీసా చేతిలో పెట్టాడట. అప్పటికే బాగా పాతది. మా ఊరి ఎండకు మనుషులే వాడిపోతారు, వైన్ బతుకుతుందా? అందుకని జొన్నలు దాచుకునే పాతరలోకి, అంటే నేల కింద చల్లగా ఉండే గుంతలోకి దిగి, ఇసుక పరిచి దాన్ని పడుకోబెట్టాడు. పడుకోబెడితేనే సీసా మూతిలో బిగించిన బెండు తడిగా ఉంటుందట. ఎండితే గాలి దూరి వైన్ పాడవుతుందట.

"జొన్నలు పోసే పాతరలో సారాయి పెడ్తావా? నీకేమన్నా బుద్ధి ఉండాదా?" అని పెద్దమ్మ వీధి వీధంతా వినబడేలా అరిచింది. ఆమె కోపం ఊరికే వచ్చింది కాదు. వాళ్ల నాయన చేను, ఎద్దులు, అన్నీ సారాయికి తగలేసి, చివరికి ఆ సారాయితోనే పోయాడు. ఇది వేరు, అది వేరు అని ఎవరైనా చెప్పబోతే, "సీసాలో ఉండేదంతా ఒకటే" అని నోరు మూయించేది.

నిజానికి ఆయన తాగేదే తక్కువ. హోటల్లో బల్ల దగ్గరి వాళ్లు లేచి వెళ్లాక ఖాళీ గ్లాసుల్ని వాసన చూసేవాడట. "గ్లాసు ఖాళీ అయినంకనే అసలు వాసన తెలుస్తాది పాపా. తాగేటోళ్లు దాన్ని ఈడ్నే వదిలేసి పోతారు" అనేవాడు. ఇంట్లో మజ్జిగ పోసినా అదే తీరు. భుజాన తువ్వాలు, ఎడమచేయి వీపు వెనక, ఆఖర్న మణికట్టు కొంచెం తిప్పడం. చుక్క కింద పడేది కాదు. మా పెళ్లిళ్లలో బంతి మధ్య ఆయనలా వంగి నీళ్లు పోస్తుంటే, "ఏమప్పా, దొరకు పోస్తాండావా?" అని ఎగతాళి చేసేవాళ్లు. "నువ్వే దొరవనుకో, నా సొమ్మేం పోతాది" అనేవాడు నవ్వుతూ.

పాత వైన్ వంచడం నాకు చింతపండు రసంతో నేర్పాడు. రసం సీసాలో పోసి, మడ్డి అడుగుకు దిగేదాకా ఆగి, సీసా మెడ వెనక దీపం పెట్టి, మెల్లగా ఇంకో పాత్రలోకి వంచాలి. "మడ్డి మెడ కాడికి వస్తానే ఆపేయాల. ఇంకొంచెం అని ఆశపడినావో, అంతా చేదే."

"మరి నీ సీసా ఎప్పుడు తెరుస్తావు?" అని అడిగితే వంటింటి వైపు చూశాడు.

"ఎంతమందికి పోసినానో పాపా. మొగుడూ పెండ్లాలు వచ్చి కూసుంటే ముందు ఆయమ్మకే పోసేవాణ్ని. మీ పెద్దమ్మకు ఒక్కసారి కూడా పోయలేదు. ఆమె తాగుతానన్న దినం తెరుస్తా."

ప్రతి ఉగాదికీ అడిగేవాడు, "తాగుతావా?" అని. "నేను సచ్చినంక పొయ్యి" అనేది పెద్దమ్మ. ఆయన మళ్లీ ఉగాది దాకా ఆ మాటెత్తేవాడు కాదు.

ఈ ఎండాకాలం ఆయనకు గుండెనొప్పి వచ్చింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన కొన్నాళ్లకు, శనక్కాయలు ఒలుస్తూ ఒలుస్తూ పెద్దమ్మే అందట: "ఆ సీసా పైకి తీ. ఒక గుక్క తాగుతా. ఒక్కటే." ఆయన అప్పటికప్పుడు పాతరలోకి దిగబోతే మా నాయన పట్టుకుని ఆపి, తనే దిగి తెచ్చాడట. ఏళ్ల తరబడి పడుకున్న సీసా కదా, మడ్డి అడుగుకు దిగాలంటే కొన్నాళ్లు నిలబెట్టాలి. గూట్లో నిలబెట్టి, నాకు ఫోన్ చేశాడు. ఆయన గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు.

శుక్రవారమే వెళ్లి మట్టి చేసి వచ్చాను. ఆదివారం మళ్లీ వెళ్లేసరికి మూడోదినం. ఇల్లంతా కడుగుతున్నారు. ఆయన చెల్లెలు, మా అత్త, పాపం అన్న సీసాకు దుమ్ము పట్టిందని బూడిదతో తళతళా తోమింది. అంతటితో ఆగిందా? అడుగున నల్లగా ఏదో ఉందని, కలిసిపోతుందిలే అని గట్టిగా ఊపింది.

"అత్తా!" అని అరిచాను.

"ఏమైందే? మన్ను పడింటే కలిపినా" అంది అమాయకంగా. అక్కడే తడి నేల మీద కూలబడి ఏడ్చాను.

"పోనీలేప్పా, ఇష్టమైంది సమాధి మీద పోసేది ఉండేదే కదా, ఇట్లియ్యండి" అని సీసా అందుకున్నాడో పెద్దాయన. పెద్దమ్మ లేచి వచ్చి ఆయన చేతిలోంచి సీసా లాక్కుంది.

"ఇది ఆయనకు పోసేది కాదు. నాకు పోస్తానన్నాడు."

మళ్లీ అదే గూట్లో, తనే నిలబెట్టింది. పెద్దకర్మ చేసే పెద్దదినం దాకా ఎవర్నీ దాని దగ్గరికి రానివ్వలేదు.

పెద్దదినం సాయంత్రం చుట్టాలంతా వెళ్లాక, "నీకు నేర్పినాడు కదా, పొయ్యి" అంది. బెండు సగంలో విరిగింది. మిగిలిన సగాన్ని చాకు మొనతో మెల్లగా పైకి లాగాను. ఆయన ఫోటో ముందు వెలుగుతున్న దీపాన్నే సీసా మెడ వెనక పెట్టుకుని గాజు కూజాలోకి వంచాను. ఎరుపంతా పోయి ఇటుక రంగు తిరిగింది. ఎండు రేగుపళ్ల వాసన, పాత తోలు వాసన. నల్లటి దారంలా మడ్డి మెడ దాకా రాగానే ఆపేశాను. ఆశపడలేదు పెదనాయనా.

ఆయన హోటల్ నుంచి తెచ్చుకున్న కాడ గ్లాసులో పోసిస్తే, పెద్దమ్మ ఒక గుక్క తాగింది. చాలాసేపు మింగకుండా నోట్లోనే పెట్టుకుంది.

"పుల్లగా ఉండాది. వగరుగా ఉండాది" అంది. తర్వాత గ్లాసు ఒళ్లో పెట్టుకుని భోరుమంది. "ఇంతే కదే! ఈ ఒక్క గుక్క ఆ మనిషి చేత్తో తాగింటే నా సొమ్మేం పోతుండె?"

ఆమెను పట్టుకుని నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే ఆమె గ్లాసులో మిగిలింది తాగేసింది.

మర్నాడు గిన్నెలతో పాటు ఆ గ్లాసు కూడా కొళాయి దగ్గరికి తీసుకెళ్లబోతే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "దీన్ని కడగొద్దు" అంది.

మా పెద్దమ్మ సంగతి తెలిసినవాళ్లకే ఆ మాట విలువ తెలుస్తుంది. ఎంగిలి లోటా ఒక్క క్షణం కిందుంటే ఊరుకునే మనిషి కాదు. మొన్న వెళ్లినప్పుడు చూశాను. గ్లాసు ఆయన ఫోటో పక్కనే ఉంది, అడుగున ఇటుక రంగు చార ఎండిపోయి ఉంది. పెద్దమ్మ కొంగుతో దాని మీది దుమ్ము తుడుస్తోంది, చుట్టూ, కాడ కింద, అంచు దాకా. లోపల మాత్రం కొంగు తగలనివ్వడం లేదు.