తాళం ముట్టని చెయ్యి

మద్రాసు నుంచి సినిమా కంపెనీలు ఒక్కొక్కటే హైదరాబాదు దారి పట్టిన రోజుల్లో నిర్మాత చలపతిరావు వెంట ఆయన డ్రైవరు బెన్‌హర్ కూడా వచ్చేశాడు. ఆయనది ఫిల్మ్ నగర్‌లో మేడ, ఇతనిది యూసుఫ్‌గూడలో అద్దె గది. బెన్‌హర్ లారీ క్లీనరుగా మెకానిక్కులకి పానాలు అందిస్తూ ఇంజన్ చప్పుడు చదవడం నేర్చుకున్నవాడు. జూబ్లీహిల్స్ దిగుడులో పెట్రోలు కలిసొస్తుందని చాలామంది డ్రైవర్లు ఇంజన్ కట్టేసి బండిని వాలుకి వదిలేసేవారు. బెన్‌హర్‌కి అది చూస్తే ఒళ్లు మండేది.

"ఇంజన్ ఆగితే బ్రేకు రాయైపోద్దిరా! ఎవడి ప్రాణంతో ఆదా?" అని తిట్టేవాడు.

తొంభై అయిదులో చలపతిరావు కొత్త కారు కొన్నారు. ఆ ఎండాకాలంలో ఒకరోజు ఆయన భార్య శారదాదేవి వెనక సీట్లో ఉండగా, దిగుడు మధ్యలో ఇంజన్ దానంతటదే ఆగిపోయింది. బెన్‌హర్ బ్రేకు మీద లేచి నిలబడ్డంత పని చేశాడు. హ్యాండ్‌బ్రేకు లాగి, పక్కనున్న బండరాయికి రాసుకుంటూ ఎలాగో ఆపాడు. అమ్మగారి నుదురు చిట్లింది.

"మీ డ్రైవరు దిగుడులో ఇంజన్ ఆఫ్ చేసుంటాడండీ. ఇక్కడ అందరికీ అదే అలవాటు" అన్నాడు షోరూము మేనేజరు, బండి చూపించడానికి వెళ్లిన చలపతిరావుతో.

అక్కడి మెకానిక్ ఆదినారాయణ మాత్రం బెన్‌హర్‌ని పక్కకి లాగాడు. "గిసొంటివి ఇంకా వచ్చినయన్నా. ఇంజన్ బాగా కాగితే బందైతున్నది. కంపెనీకి రాసినం. బండ్లు వాపస్ పిలిచేది లేదన్నరు. నా పేరు చెప్పకు జర."

బెన్‌హర్ యజమాని దగ్గరికెళ్లాడు. "మీరొక్క మాట గట్టిగా అంటే వింటారు బాబుగారూ. నేను ఇంజన్ కట్టనని మీకు తెలుసు కదా."

"నాకు తెలీదుటయ్యా? నేను చూసుకుంటాగా" అన్నారు చలపతిరావు.

కొన్నాళ్లకు ఇంటి ముందు వేరే రకం కారు నిలిచింది. కంపెనీవాళ్లే ధర తగ్గించి ఇచ్చారట.

"పాతది మేకప్ సుబ్బరామయ్యకి అమ్మేశాను. ఇచ్చిరా."

"బాగుచేశారా బాబుగారూ?"

"చేసేదేముంది? తప్పు నీదేనని కంపెనీకి రాసిచ్చాంగా. నీ ఉద్యోగం పోలేదు, ఇంకేం కావాలి?"

బెన్‌హర్ పాత కారు తాళాలు తీసుకున్నాడు. మధురానగర్ వెళ్లి సుబ్బరామయ్యకి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన నవ్వేశాడు. "దిగుడులో కట్టేసేది నువ్వేనటగా! చలపతిరావుగారు ముందే చెప్పార్లే. నేను కట్టను, సరేనా?"

అబద్ధం తనకంటే ముందే వచ్చి కూర్చుంది. ఎక్కువ బాధపెట్టింది అదే.

"ఒక్కసారి ఎక్కండి మాస్టారూ."

ఇంజన్ కాగేదాకా మిట్టమధ్యాహ్నం ఎండలో కొండ మీద తిప్పాడు. చివరికి జనంలేని చిన్న వాలులో రెండో గేరులో దించుతూ, ఒక చెయ్యి స్టీరింగు మీద, రెండోది హ్యాండ్‌బ్రేకు మీద ఉంచాడు. ఇంజన్ ఠక్కున ఆగింది.

"తాళం ఎవరన్నా ముట్టుకున్నారా మాస్టారూ?"

సుబ్బరామయ్య తాళం వంక చూశాడు, బెన్‌హర్ చేతుల వంక చూశాడు. "బండాపి నన్ను దింపవయ్యా. నాకొద్దీ కారు."

సాయంత్రం చలపతిరావు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. "నా పరువు తీశావు కదయ్యా!"

"అమ్మగారి నుదుటి మీద కుట్లు ఇంకా మానలేదండీ."

ఆయన ముఖం తిప్పుకున్నారు. బెన్‌హర్ రెండు కార్ల తాళాలూ అరుగు మీద పెట్టి, నడిచి కొండ దిగాడు.

తర్వాత ఆ పాత కారును చలపతిరావు పై ఊరివాళ్లెవరికో అమ్మేశారని తెలిసింది. కొన్నవాళ్లకి సంగతి చెబుదామని, ఏ ఊరో చెప్పమని ఫిల్మ్ నగర్‌లో డ్రైవర్లనీ, బ్రోకర్లనీ అడుగుతూ తిరిగాడు. ఎవరూ చెప్పలేదు.