ఇంగొక చుక్క

తొంభైల చివర్లో మా హోసూరు బడిలో కెమిస్ట్రీ చెప్పిన సారుకు పిల్లలు ఓడిపోతుంటే చూడడం సరదా. ఇంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

టైట్రేషన్ ప్రయోగంలో బ్యూరెట్ అనే పొడుగాటి గాజు గొట్టం నుంచి ఒక ద్రావణాన్ని చుక్కచుక్కగా వదులుతుంటే, కింద ఫ్లాస్కులో రంగులేని ద్రావణం ఉన్నట్టుండి లేత గులాబీకి తిరిగి నిలుస్తుంది. అక్కడే ఆపాలి. సరిగ్గా అప్పుడే ఆయన వెనకనుంచి వచ్చి బ్యూరెట్‌ను గోటితో టంగుమని కొట్టేవారు.

"యాడొచ్చింది రంగు? ఇంగొక చుక్క వెయ్యమ్మా."

వేస్తే ముదురు గులాబీ. "చూస్తివా, చెడగొడితివి. పారబోసి మళ్ళా చెయ్యి," అని నవ్వుకుంటూ పక్క బల్లకు పోయేవారు. మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి కాబట్టి ఏడాదంతా అందరం వేశాం.

పన్నెండో తరగతి ప్రాక్టికల్ పరీక్షకు కృష్ణగిరి నుంచి ఎగ్జామినర్ వచ్చారు. నా ఫ్లాస్కులో రంగు నిలిచింది. వెనక గోటి చప్పుడు.

"యాడొచ్చింది రంగు?"

నేను బ్యూరెట్ కొళాయి మూసేసి, ఫ్లాస్కును తీసుకుపోయి ఎగ్జామినర్ ముందు తెల్లకాగితం మీద పెట్టాను.

"ఈడొచ్చింది సార్."

ఎగ్జామినర్ వంగి చూసి, "చానా బాగుందమ్మా," అన్నారు.

మా సారు ఒక్క క్షణం కూడా తడబడలేదు. నా తలమీద చెయ్యి వేసి, "నేను నేర్పించిన పిల్ల సార్," అన్నారు.

పారబోసిన ఫ్లాస్కులన్నీ ఎప్పుడో మరిచిపోయాను. ఆ చెయ్యి బరువు మాత్రం ఇంకా తలమీదే ఉంది.