అవ్వ పిడుగురాయి

మా చిన్నప్పుడు తెల్లవారేసరికే మా బొగ్గుగని క్వార్టరు ముందు ఎవరో ఒక తల్లి పిల్లను చంకనెత్తుకొని నిలబడి ఉండేది... పిల్ల చెంపలు ఉబ్బి ఉండేవి. గవదబిళ్ళలు. మా నాయనమ్మ లోపలి నుంచి ఒక నల్లరాయి తెచ్చి, పసుపు నీళ్ళలో ముంచి, ఆ చెంపలకు మెల్లగా ఆనించేది. అందరిలాగే నేనూ ఆమెను అవ్వ అనేదాన్ని.

అది పిడుగురాయి. పిడుగుతో పాటు ఆకాశం నుంచి పడి, భూమిలోకి దిగి, వానలకు మళ్ళీ పైకి తేలుతుందని మా వైపు నమ్మకం. గోదావరి ఒడ్డున చేను దున్నుతుంటే అవ్వ తండ్రికి దొరికిందట. అరచేతిలో పట్టేంత రాయి... ఒక కొస మొద్దుగా, ఇంకో కొస పలచగా ఉండేది.

అమ్మ నన్ను కన్నప్పుడే పోయింది. ఇంట్లో అవ్వ, నేను బాపు అని పిలిచే నాన్న, నేను. బాపు బొగ్గుబాయికి బయలుదేరే ముందు అవ్వ ఆ రాయిని ఆయన ఛాతీకి తాకించాల్సిందే.

"జల్ది కానియ్యే అవ్వా, సైరన్ కొట్టిండ్రు. దేవునికి మొక్కినా గింతసేపు పట్టది" అనేవాడు బాపు.

"దేవుడు బాయిలకు దిగుతడా కొడుకా? దీని సత్తువ నీ ఎంట దిగుతది."

బాపు షిఫ్టుకు, అవ్వ కూలికి పోతే ఇంట్లో నేనొక్కదాన్నే. క్వార్టర్ల లైన్లలోని మగపిల్లలు బడికి పోయేవాళ్ళు. నన్ను పంపలేదు. ఆడపిల్ల, ఇంటికి కాపలా... ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. అక్షరాలు తర్వాత నేనే నేర్చుకున్నాను, దుకాణాల బోర్డులు చూసి.

మాట్లాడే మనిషి లేక ఆ రాయిని ఒళ్ళో పెట్టుకొని కూచునేదాన్ని. తిప్పి తిప్పి చూసేదాన్ని. పలచని అంచు మీద సన్నని గీతలుండేవి, అన్నీ ఒకే వైపుకు. అవ్వ కొడవలిని బండకు నూరితే పడే గీతల్లాంటివే. ఆకాశం నుంచి పడ్డదానికి నూరిన గీతలెందుకుంటాయి?

ఎవరినీ అడగలేదు. అడగడానికి ఎవరున్నారు...

ఒక మామూలు నల్లరాయి ఏరుకొచ్చి, బట్టలుతికే బండ మీద నీళ్ళు పోసి నూరడం మొదలుపెట్టాను. చేతులు బొబ్బలెక్కాయి. చాన్నాళ్ళకు అంచు పలచబడింది. అవే గీతలు... అదే నునుపు. అవ్వ రాయి పిడుగు కాదు. రాతి గొడ్డలి. ఎప్పుడో ఏ కాలంలోనో ఒక మనిషి నాలాగే కూచుని, నాలాగే చేతులు నొప్పిపుట్టేదాకా నూరాడు. ఆ రోజు నాకొక తోడు దొరికినట్టయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు ఎండాకాలంలో ఒక పొద్దున బాపు ఆలస్యంగా లేచాడు. అవ్వ నల్లా దగ్గర నీళ్ళకు నిలబడి ఉంది. ఆయన టిఫిన్ డబ్బా పట్టుకొని ఉరికాడు. అవ్వ వచ్చేసరికి వెళ్ళిపోయాడు... రాయి తాకించడం కుదరలేదు. ఆ షిఫ్టులోనే బాయిలో పైకప్పు కూలింది. బాపును పైకి తెచ్చేసరికి ఊపిరి లేదు.

పలకరించడానికి వచ్చినవాళ్ళంతా ఒకటే మాట. "ఆ పొద్దు రాయి ముట్టియ్యలేదా అవ్వా?" బాయి కప్పుకు ఆసరాగా పెట్టిన దుంగలు ఎట్లా ఉన్నాయని ఒక్కరూ అడగలేదు. ముసలిదాన్ని అడిగారు. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా నా ఒళ్ళు మండుతోంది.

అవ్వ గోడవైపు తిరిగి పడుకుంది. గంజి పోస్తే తాగలేదు. కంట్లో నీటి చుక్క కూడా లేదు.

"నా కొడుకును నేనే సంపుకున్న బిడ్డా. నల్లా కాడ నిలవడకపోతే బతుకుతుండె."

ఈమె కూడా పోతే నాకింకెవరూ లేరు. రాళ్ళు రెండూ తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాను.

"ఇది నేను నూరిన. అది ఇంకెవరో నూరిండ్రు. పిడుగు కాదే అవ్వా... గొడ్డలి."

"సాల్లే పిల్లా. మా అయ్య అబద్ధమాడిండా?"

"ఆయనకు దొరికింది, గంతే. ఏలు పెట్టి సూడు."

అవ్వ బొటనవేలితో ఒక అంచు తడిమింది. తర్వాత రెండోది. మళ్ళీ మొదటిది...

"అయితే దీన్ల ఏం సత్తువ లేదా?"

"లేదు. నువ్వు ముట్టిచ్చినా బాపు పోతుండె."

అనేశాక నాకే భయమేసింది. అవ్వ ఏడ్చింది. బాపు పోయాక అదే మొదటిసారి. ఏడ్చి ఏడ్చి, చివరికి గంజి అడిగింది.

కొన్నాళ్ళకు మందమర్రి నుంచి ఒకామె చెంపలుబ్బిన పిల్లను తీసుకొచ్చింది. అవ్వ గుమ్మంలోనే చెప్పేసింది.

"ఇది వట్టి గొడ్డలి బిడ్డా. దవాఖానకు తీస్కపో."

"గట్లంటవేందవ్వా, మా పెద్దోనికి నీ చేతుల్నే నయమాయె."

"వానికి వాడే నయమయ్యిండు."

కొడుకు పోయి ముసలిదానికి మతి చెడిందని లైన్లన్నిటా మాట పాకింది. తర్వాత మా ఇంటికి ఎవరూ రాలేదు. అంతకుముందు వచ్చేవాళ్ళు పసుపుకొమ్ము తెచ్చేవాళ్ళు, ఇన్ని చిక్కుడుకాయలు తెచ్చేవాళ్ళు, ఊరి ముచ్చట్లు తెచ్చేవాళ్ళు... అన్నీ ఆగిపోయాయి. ఒక సాయంత్రం అవ్వ నన్ను తిట్టకుండా, నవ్వకుండా అంది.

"దీన్ల సత్తువ లేదంటివి. గంతమందిని మనింటికి తీస్కచ్చె గదనే."

తీసుకొచ్చిన మాట నిజమే. నేను చెప్పింది తప్పని మాత్రం అనను.

అవ్వ పోయి కొన్నేళ్ళయింది. నేనిప్పుడు బొగ్గులోంచి రాళ్ళు ఏరే పనిలో ఉన్నాను. చేతికి నున్నని రాయి తగిలితే వెంటనే విసిరెయ్యను, ఒకసారి తిప్పి చూస్తాను. మేస్త్రీ తిడతాడు. తిట్టనీ. బొగ్గు కోసం చుట్టూ చేన్లకు చేన్లే తవ్వి మట్టి గుట్టలు పోస్తున్నారు... అందులో ఎవరెవరు చేసుకున్న పనిముట్లు ఎన్ని కలిసిపోతున్నాయో ఎవరికీ పట్టదు.

మీ అటక మీదో, ధాన్యపు గుమ్మి వెనకో ఎవరూ ముట్టని పాత వస్తువు ఉండే ఉంటుంది. ఒకసారి చేతిలోకి తీసుకొని, అది ఎవరి చేతి పనో చెప్పండి... వినడానికి నాకు బోలెడు తీరిక ఉంది.